ఎవడు గెలిచిండో ముందే చెప్పు

మా అమ్మకు ఏదైనా సరే, ఆఖరుకు ఏమైతదో ముందే తెల్వాలె. సినిమాకు తీస్కపోతే ఇంటర్వెల్‌ల పక్క సీటామెను పట్టుకొని "గీ పిల్ల బతుకుతదా, సస్తదా జర చెప్పమ్మా" అని అడుగుతది. క్రికెట్ల ఆఖరి ఓవర్ వచ్చిందంటే లేచి వంటింట్లకు పోయి గిన్నెలు తోముతది. అయిపోయినంక కొంగుకు చేతులు తుడుసుకుంట వచ్చి "ఎవరు?" అంటది. "తెల్వకుంట ఎట్ల కూసుంటరే? కడుపుల తిప్పదా మీకు?" అని ఉల్టా నన్నే తిడ్తది.

నేను పూరా వేరే. ఆఖరు ముందే చెప్పినోళ్ల మొకం నేను మళ్ల చూడ. గిట్లాంటి ఇద్దరం ఒక్క అర్రల, ఒక్క టీవీ ముంగట కూసొని సైకిల్ రేసు చూస్తే ఇంట్ల లొల్లి కాక ఏమైతది? శాలిబండల మా ఇంట్ల పోయినేడు ఆషాఢమంతా గదే లొల్లి.

ఆ రేసు ఫ్రాన్స్ దేశంల అయితది. మూడు వారాలు రోజూ ఊర్లకూర్లు దాటుకుంట తొక్కుతనే ఉంటరు. మన దగ్గర టీవీల సాయంత్రం వస్తది. నేను లాడ్ బజార్ల గాజుల దుకాన్ల పని చేస్త, సాయంత్రమే మాకు గిరాకి. గందుకే సెట్‌టాప్ బాక్సుల రికార్డు పెట్టి పోయి, పొద్దున చాయ్ తాగుకుంట చూస్త. ఈ పిచ్చి మాకు అంటిచ్చిందే మా తమ్ముడు వైకుంఠం. వానికి గుడిమల్కాపూర్ల పూల దుకానం, పెండ్లాం పిల్లలతోని ఆడ్నే ఉంటడు. పగటీలికే పని అయిపోతది గనక సాయంత్రం ఇంట్ల పండుకొని లైవ్ చూస్తడు. నాకు పెండ్లాయెనా, ఎందుకు తల్లిగారింట్ల ఉన్న అని అడగకుండ్రి. అది వేరే కథ, అండ్ల సైకిళ్లు లేవు.

అమ్మ పేరు సత్తెమ్మ. సర్కారు బడిల ఆయమ్మగ చేసి రిటైరైంది. పక్కన మనిషి లేకుంటే ఆమెకు టీవీ నడవది, గందుకే సాయంత్రం ఒక్కతే చూడది, పొద్దున నా పక్కనే కూసుంటది. ఆమెకు రేసు కన్న ఊర్లు ఇష్టం. హెలికాప్టర్ల నుంచి పొద్దుతిరుగుడు చేన్లు, పాత కోటలు, గుట్టల మీద ఆవులు చూపిస్తరు. "గా ఆవులు ఎంత సాఫ్‌గున్నయ్ చూడే! రోజు తానం చేపిస్తరేమో." ఇంగ్లీసు కామెంట్రీ వస్తే "గాని సప్పుడు బంద్ పెట్టు, నాకు పరేషానైతది" అంటది. పేర్లు నోరు తిరగయి గనక మేమే పేర్లు పెట్టుకున్నం. అందరికన్న ముందున్నోడు పసుపంగోడు. కొండలెక్కేటోడు చుక్కలంగోడు. ఇంకొకడు ఉండె, ఎముకలు లెక్కపెట్టొచ్చు. రోజు రేసు మొదలుకాంగనే అందరినీ ఇడిసి ముందుకు ఉరుకుతడు, ఆఖర్ల దొరికిపోతడు. అమ్మకు వాడంటే పానం. వాడు బక్కోడు.

నేను రికార్డు పెట్టకముందే అమ్మ వైకుంఠానికి ఫోన్ చేస్తది.

"ఏం బిడ్డా, తిన్నవా? సరే గని, నిన్న ఎవడు గెలిచిండ్రా?"

నేను చెవులు మూసుకొని అర్రల నుంచి బైటికి ఉరుకుత.

"మరి బక్కోడు? అయ్యో! మళ్లనా?"

ఇగ గా "అయ్యో" ఇన్నంక నేను ఏం చూడాలె?

"అమ్మా, నీకు దండం పెడ్త. నోరు ముయ్యి!"

"నేనేమన్ననే? అయ్యో అన్న. అయ్యో అనుడు గూడ తప్పేనా?"

కొన్ని దినాలైనంక కరార్ చేసుకున్నం. ఆమె తెలుసుకోవచ్చు గని నా ముంగట నోరు తెరవొద్దు. తెరవకపోతే ఏంది, మొకం ఉన్నది గదా! బక్కోడు ముందు ఉరుకుతుంటే తోటకూర తెంపుకుంట "ఉరుకు బిడ్డా, నీ సరద ఎందుకు కాదనాలె" అన్నట్టు నవ్వుతది. గెలిచేటోడు కనపడంగనే సదురుకొని కూసుంటది. ఆమె మొకం చూస్తే నాకు రేసంతా తెలిసిపోతది. గందుకని ఆమెను ముంగట పీట మీద కూసోబెట్టి నేను వెనుక కూసుంటుంటి.

రేసు మొదలైన వారంలనే వైకుంఠం దుకానానికి వచ్చిండు.

మొహర్రం నెల, శోకం దినాలు. పాత బస్తీల గాజులు కొనేటోళ్లు లేరు, మా సేటు దుకానంల కూసొని ఆవులింతలు తీస్తున్నడు. వైకుంఠం అంగి మీద బంతిపూల రెక్కలు అట్లనే ఉన్నయ్. లోపటికి రాలే. రోడ్డు మీద నిలబడి "అక్కా, జర బైటికి రా" అన్నడు. వాని గొంతు ఇని నా చేతుల డబ్బా కింద పెట్టిన.

అమ్మ ఎడమ రొమ్ముల చిన్న గడ్డ. ఎన్నాళ్ల సంది దాసిపెట్టిందో దేవునికే ఎరుక. తానం చేసేటప్పుడు నేను వీపు రుద్దవోతే నా చేతికి తగిలింది. నేనే గుంజుకపోయి మా గల్లీ చివర నర్సింగ్ హోంల చూపిచ్చిన. ఆ డాక్టరమ్మ సూదితోని ముక్క తీసి పరీక్షకు పంపింది. రిపోర్టు తీసుకునేతందుకు ఆ రోజు వైకుంఠం పోయిండు.

"గడ్డ మంచిది కాదంటక్కా."

"అంటే?"

"అంటే ఏముంది? గదే."

క్యాన్సర్ అనే మాట వాని నోట్లకెళ్లి రాలే. నేనే అన్న. వాడు ఉలిక్కిపడి అటు ఇటు చూసిండు, లాడ్ బజార్ల ఎవరన్న ఇని అమ్మకు చెప్తరన్నట్టు.

"ఇప్పుడే తీపిస్తే బతికే ఆశ మస్తుందన్నది డాక్టరమ్మ. పెద్ద దవఖానకు జల్ది తీస్కపొమ్మన్నది."

"అయితే ఇయ్యాల్నే అమ్మకు చెప్పి, రేపు..."

"అమ్మకా? పాగల్ అయినవా అక్కా? అమ్మకెట్ల చెప్తం?"

ఆ రోజే మా సుశీలమ్మ చిన్నమ్మ ఇంట్ల కూసున్నం. అమ్మకు సొంత చెల్లె, పక్క గల్లీలనే ఉంటది. చిన్నమ్మ ముక్కు చీదుకుంటనే తీర్పు చెప్పింది. "చెప్తే మనిషికి సగం పానం ఆడ్నే పోతది. మా ఆడిబిడ్డకు చెప్పిండ్రు, ఏమైంది? మంచం పట్టి మళ్ల లేవలే. కొవ్వు గడ్డ అని చెప్పుండ్రి, తీపియ్యుండ్రి. ఖేల్ ఖతం." నేను ఏదో అనబోయిన. వైకుంఠం నా చెయ్యి పట్టుకొని తన నెత్తి మీద పెట్టుకున్నడు. "అక్కా, నా మీద ఒట్టు, నా బిడ్డ శ్రీహిత మీద ఒట్టు. అమ్మకు చెప్పనని అను." వాడు చిన్నపిల్లగాని లెక్క ఏడుస్తున్నడు. మా నాయిన పోయిన దినం కూడ వాన్ని ఇద్దరు పట్టుకొని నిలబెట్టవలసొచ్చింది. ఏం చెయ్యాలె? చెప్పనని అన్న.

తెల్లారి వైకుంఠం వచ్చి మల్లెపూలు చేతుల పెట్టి, నవ్వు మొకం వేసుకొని చెప్పిండు. "ఏం లేదమ్మా, కొవ్వు గడ్డ అంట. చిన్న కోత కోసి తీసేస్తరు."

అమ్మ పడి పడి నవ్వింది. "కొవ్వా? నాకాడనా? రేషన్ బియ్యం తిన్న పెయ్యికి కొవ్వు యాడికెళ్లి వచ్చెరా?"

"గట్లనే వస్తదమ్మా వయసుకు. రేపే పోదాం."

"కొవ్వు గడ్డకు కోతెందుకు? ఉంటే ఉండనియ్. తిండి పెట్టాల్నా, బట్టలియ్యాల్నా దానికి? బోనాలు దగ్గరికొచ్చినయ్, బోనం ఎవరెత్తుకుంటరు, నువ్వా? అవన్ని అయినంక చూద్దాం తియ్యి."

అరే, మేం ఏమనాలె? జల్ది కావాలంటే ఎందుకు జల్ది అని అడుగుతది. ఊకుంటే దినాలు పోతున్నయ్. మేం చెప్పిన అబద్ధం మా కాళ్లకే చుట్టుకున్నది. చిన్న రోగమని మేమే అన్నం, చిన్న రోగానికి తొందరేందని ఆమె అంటున్నది. ఇండ్ల ఆమె తప్పేమున్నది?

ఆ దినాల సంది నాకు ఒక్క తాన నిమ్మళం లేకపాయె. పొద్దున రికార్డు పెడ్త, చూడ. గా రోడ్లు, గా చేన్లు ఒకటే పోతుంటయ్, నా కండ్లు అమ్మ వీపు మీదనే ఉంటయ్. లేస్త. బకెట్ల నీళ్లున్నయా చూస్త. మళ్ల కూసుంట. మళ్ల లేస్త. "కాళ్లల్ల చక్రాలున్నయానే నీకు? జర ఒక తాన పడుండు" అని అమ్మ గులుగుతది. దుకాన్ల ఒకామెకు గాజులు ఎక్కిచ్చుకుంట, చెయ్యి సరిగ ఒత్తక, ఒక్కసారే నాలుగు పగలగొట్టిన. ఆమె చేతికి నెత్తురు. సేటు కౌంటర్ దిగి వచ్చిండు. "క్యా హోగయా స్వరూపా, తబియత్ ఠీక్ నై హై క్యా?" తబియత్ నాది మంచిగనే ఉన్నది, పానం మంచిగలేనిది అమ్మకని ఎట్ల చెప్పాలె ఆయనకు?

అవుతల వైకుంఠంది ఇంకో కథ. పెద్ద దవఖాన ఉన్నది, మంచి డాక్టర్లున్నరు, మాలాంటోళ్లకు ఆడ్నే తక్కువ పైసలతోని నడుస్తది. గని గేటు మీద బోర్డు ఉన్నది. ఆ బోర్డు మీద క్యాన్సర్ అని మనిషెత్తు అక్షరాలున్నయ్, తెలుగుల గూడ. అమ్మ బడిల పని చేసింది, అక్షరాలు కూడవలుక్కొని చదువుతది. ఇగ వీడు పూలబేరం పక్కకు పెట్టి, బోర్డు మీద ఆ మాట లేని దవఖాన కోసం పట్నమంతా స్కూటర్ మీద తిరుగుడు మొదలుపెట్టిండు. బోనాల ముంగట పూలకు మస్తు గిరాకి ఉంటది, అయినా తిరిగిండు. ఒకతాన బోర్డు మంచిగున్నది గని ఆపరేషన్ చేసే డాక్టరు లేడు. ఇంకోతాన డాక్టరున్నడు గని లోపట గోడ నిండ ఆ మాటనే.

"పెద్ద దవఖానకు వెనుక గేటుందేమో వాచ్‌మన్‌ను అడిగినక్కా" అన్నడు ఒకనాడు ఫోన్ల.

"ఉన్నదా?"

"ఉన్నది. దాని మీద గూడ రాసిండ్రు."

నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వలే.

లాల్‌దర్వాజ బోనాల దినం అమ్మ తెల్లారకముందే లేచింది. కుండకు సున్నం పూసి, పసుపు కుంకుమ బొట్లు పెట్టి, యాప మండలు కట్టి, పైన దీపం పెట్టుకొని నెత్తికెత్తుకున్నది. డప్పులు మోగుతున్నయ్, గల్లీ నిండ మంది. నేను వెనుక నడుస్తున్న. ఎడమ చెయ్యి పైకెత్తి బోనం పట్టుకున్నది అమ్మ. గడ్డ ఉన్నది గా ఎడమ దిక్కే. గుడిదాంక ఆ చెయ్యి దించలే. నేను అమ్మోరిని గూడ సక్కగ మొక్కలే, ఆ చెయ్యి దిక్కే చూసుకుంట పోయిన.

మరునాడు రంగం. పచ్చికుండ మీద నిలబడి ఒకామె అమ్మోరు పూనినట్టు వచ్చే ఏడు ముచ్చట చెప్తది, అమ్మ దాన్ని ఇడిసిపెడ్తదా! అందరికన్న ముంగట పోయి నిలబడ్డది. ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కుంట చెప్పింది.

"వానలు మంచిగ పడ్తయంట. పంటలు మంచిగుంటయంట. అందరి సంగతి చెప్పింది గని నా సంగతే చెప్పలే."

నవ్వుకుంటనే అన్నది. నేను లోపటికి పోయి తలుపు ఏసుకున్న.

బోనాలైనయ్. ఇగ పోదామా అంటే, "శ్రావణం వస్తున్నది, శుక్రవారాలు ఇడిసిపెట్టి దవఖానల పడుకోవాల్నా? వరలక్ష్మి అయినంక పోదాం" అన్నది. నేను ఆగలే, వైకుంఠానికి ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టిన. "నీ ఒట్టు నువ్వే పెట్టుకో. శ్రావణం అంటున్నది, రేపు వినాయక చవితి అంటది, ఎల్లుండి బతుకమ్మ అంటది. గీ పండుగలన్ని అయ్యేదాంక గడ్డ కూసుంటదా?" వాడు ఏడుస్తున్నట్టున్నడు. కొంచెంసేపటికి "చెప్తే సచ్చిపోతదక్కా" అని పెట్టేసిండు.

తెల్లారి వాన. అమ్మ లేవంగనే ఫోన్ పట్టింది. వైకుంఠం ఎత్తలే. మళ్ల చేసింది. మళ్ల ఎత్తలే. ఆ దినాలల్ల వాడు అమ్మ గొంతు ఇంటే చాలు కరిగిపోతున్నడు, గందుకే ఎత్తలేదని నాకు తెలుసు. అమ్మకు తెల్వది గదా.

"మార్కెట్ల బిజీ ఉండొచ్చు" అన్న నేను.

"మరి రేసు?"

"ఇయ్యాల నా లెక్క తెల్వకుంటనే చూడు."

పెద్ద కొండ ఉన్న రోజది. బక్కోడు ఎప్పటిలెక్కనే మొదట్లనే ఉరికిండు, తోటోళ్లందరు ఒక్కొక్కలే రాలిపోయిండ్రు, వాడు ఒక్కడే మిగిలిండు. కొండ మొదలైంది. వెనుక పసుపంగోడు మంది నడుమ కూసొని తొక్కుతున్నడు. అమ్మకు పీట మీద నిలకడ లేదు. పోయి బియ్యం కడిగింది. వచ్చి చూసింది. పోయి మళ్ల బియ్యం కడిగింది.

"నాతోని అయితలేదే. వీడు గెలుస్తడా, దొరుకుతడా?"

"నాకెట్ల తెలుసమ్మా? నేను గూడ ఇప్పుడే చూస్తున్న గదా."

అమ్మ టీవీ దిక్కు వీపు తిప్పి నా ముంగట కూసున్నది. "నీకు తెలుసు."

"ఒట్టు, తెల్వదు."

"రేసు ముచ్చట కాదే. ఇంకేందో తెలుసు నీకు. ఎన్ని దినాల సంది చూస్తున్న, నా మొకంల మొకం పెట్టి మాట్లాడుతలేవు. నీ తమ్ముడు ఫోన్ ఎత్తుతలేడు. మీ చిన్నమ్మ నన్ను చూస్తే కొంగు నోట్ల కుక్కుకుంటది. ఏందే? చెప్పు, ఏందో చెప్పు నాకు."

ఆమె మొకం చూసి రేసంతా తెలుసుకున్నదాన్ని నేను. నా మొకం ఆమె చదవదని ఎట్ల అనుకున్ననో! నా చేతిల రిమోట్ ఉండె, ఆపు బటన్ ఒత్తిన. బక్కోడు కొండ మీద అట్లనే ఆగిపోయిండు, నోరు తెరుసుకొని.

"గడ్డ కొవ్వుది కాదమ్మా. క్యాన్సర్."

బైట ఎవలో ఆటోకు హారన్ కొడ్తున్నరు. అమ్మ నా దిక్కే చూస్తున్నది. నాకు ఏడుపొచ్చింది. ఆపుకోలే, గట్టిగనే ఏడ్చిన. ఆమె నా భుజం మీద చెయ్యేసి, "సరే, సరే. ముక్కు తుడుసుకో" అన్నది. తర్వాత టీవీ దిక్కు తిరిగింది.

"పెట్టు."

"ఏంది?"

"వాన్ని అట్ల ఆపినవ్, వాడు ఏమైతడో చూడాలె. పెట్టు."

పెట్టిన. కొండ ఆఖర్ల, జెండాలు ఊపే మంది నడుమ పసుపంగోడు వచ్చి బక్కోని పక్కనుంచి దాటిపోయిండు. వాని దిక్కు చూడను గూడ చూడలే. తర్వాత ఇంకొకడు. ఇంకో ఇద్దరు. బక్కోడు అడ్డంగ ఊగుకుంట తొక్కుతనే ఉన్నడు. కెమెరా వాన్ని ఇడిసిపెట్టి ముందుకు పోయింది.

"వీడు ఇప్పుడు ఏం చేస్తడు?" అన్నది అమ్మ.

"పైదాంక ఎక్కుతడు."

"ఓడిపోయిండు గదా. దిగి బండ్ల కూసుంటే ఏం?"

"దిగితే రేపు ఆడనియ్యరమ్మా. టైమిస్తరు, ఆ టైమ్‌ల పైకి రావాలె. ఆలస్యమైతే తీసేస్తరు."

అమ్మ చెయ్యి ఎడమ దిక్కు రొమ్ము మీదికి పోయింది.

"మరి నాకెంత టైమిచ్చిండ్రే?"

"జల్ది రమ్మన్నరమ్మా. అప్పుడే రమ్మన్నరు. మేమే..."

"రిపోర్టు ఎప్పుడొచ్చింది?"

చెప్పిన. లేచి నిలబడ్డది. ఇగ చూడు, అమ్మకు వచ్చిన కోపం! "బోనాల ముంగట? బోనాల ముంగట తెలిస్తే ఇప్పటిదాంక ఊకున్నరా? ఎవరెవరికి తెలుసు? సుశీలకు తెలుసు. నీ మర్దలుకు తెలుసా? అందరికీ తెలుసు, ఒక్క నాకు తెల్వది! నా పెయ్యి ముచ్చట ఊరందరికీ తెలుసు, నాకు తప్ప! ముందే చెప్తే నేను నిమ్మళంగుంటనని నీకు తెల్వదానే? నన్ను కొత్తగ చూస్తున్నవా?"

"ఒట్టేపిచ్చుకున్నడమ్మా, శ్రీహిత మీద..."

"ఒట్టు తీసి గట్టు మీద పెట్టు!"

తిట్టి తిట్టి అలసిపోయి పీట మీద కూలబడ్డది. నేను నీళ్లిచ్చిన. తాగింది. ఇగ అడిగింది, అడుగుతదని నాకు తెలిసిందే. "ఆఖరుకు ఏమైతది? బతుకుతనా?"

"తెల్వదమ్మా. ఆశ మస్తుందన్నరు. పక్కా అని ఎవరూ చెప్తలేరు. డాక్టరమ్మకు గూడ తెల్వది."

"గంతేనా?"

"గంతే."

టీవీల రికార్డు అయిపోయి నల్లగైంది. "బక్కోడు పైకి వచ్చిండో లేదో చూపియ్యలే" అన్నది. నేను ఫోన్ తీసి చూసి చెప్పిన. వచ్చిండు, మస్తు వెనుక వచ్చిండు, గని టైమ్ లోపట్నే వచ్చిండు.

"మంచి దవఖాన ఏది?" అన్నది.

పెద్ద దవఖాన ముచ్చట, బోర్డు ముచ్చట, వైకుంఠం తిరుగుడు, వెనుక గేటు, అన్ని చెప్పిన. అమ్మ మొదలు నవ్వింది. కండ్లల్ల నీళ్లొచ్చేదాంక నవ్వింది. తర్వాత ఆ నీళ్లు ఆగలే. తన రోగం ఇన్నప్పుడు ఏడ్వనిది, వెనుక గేటు ముచ్చటకు ఏడ్చింది.

"పిచ్చోడు. పూలు ఇడిసిపెట్టి తిరుగుతున్నడా?" కొంగుతోని మొకం అదిమి తుడుసుకున్నది. "సొరూపా, ఇను. నాకు తెలుసని వానికి చెప్పకు."

"ఏందమ్మా! మళ్ల అదే కథనా?"

"వాడు తట్టుకోడే. నువ్వంటే మొండిదానివి. వాడు నా మొకం చూసి పడిపోతే వాన్ని ఎత్తుడా, నన్ను ఎత్తుడా? వాన్ని గట్లనే ఉండనియ్."

పగటీలి వైకుంఠం వచ్చిండు. గడప కాడ్నే నిలబడి చెప్పులు ఇప్పుతున్నడు, ఇప్పుతనే ఉన్నడు. అమ్మనే పిలిచింది. "రా బిడ్డా. గా కొవ్వు గడ్డ రాత్రి జర సలిపింది. పోదాం తియ్యి, ఎందుకది ఊకే? తీసి పారేపిచ్చుకుంట. పెద్ద దవఖాన ఏదో ఉన్నదంట గదా, ఆడికే పోదాం. శ్రావణం మంచిగ చేసుకోవచ్చు."

వాని మొకం చూడాలె అప్పుడు! నన్ను బైటికి గుంజుకపోయిండు. "చూసినవా అక్కా! చూసినవా! చెప్పకపోవుడే మంచిగైంది. నువ్వు ఒకటే చెప్దాం చెప్దాం అన్నవ్. చెప్తే గిట్ల నవ్వుకుంట వస్తుండెనా?"

నోటిదాంక వచ్చింది. మింగిన. నా జిందగీల అంత కష్టపడి ఏదీ మింగలే.

దవఖానకు పోయే రోజు వైకుంఠం నాకు ఫోన్ల ప్లాన్ చెప్పిండు. వాడు ముందుగాల్నే పోయి గేటు కాడ నిలబడ్తడు. నేను అమ్మను ఆటోల తీస్కరావాలె. ఆటో సీదా లోపటికి పోవాలె, గేటు దాటేటప్పుడు నేను ఏదో ఒకటి మాట్లాడుకుంట ఆమెను తల ఎత్తనియ్యొద్దు. బోర్డు దాటితే ఇగ లోపట ఎట్లనో గట్ల. వాచ్‌మన్‌తోని గూడ మాట్లాడిపెట్టినన్నడు.

మేం పోయేసరికి వాచ్‌మన్ మారిండు. "ఆటో లోపటికి లేదు, ఈడ్నే దిగుండ్రి" అని కట్టె అడ్డం పెట్టిండు. సరిగ్గ బోర్డు కింద. వైకుంఠం గేటు అవుతల నుంచి ఉరికొస్తున్నడు, వాని మొకంల నెత్తుటి సుక్క లేదు.

అమ్మ ఆటోల నుంచి ఒక కాలు కింద పెట్టి తల ఎత్తింది. బోర్డు మొత్తం చదివింది. పెదవులు కదులుతున్నయ్, ఒక్కొక్క అక్షరం కూడవలుక్కుంట చదువుడు నాకు కనపడ్డది. ఆఖరుదాంక చదివి, కండ్లద్దాలు తీసి నా చేతుల పెట్టి, నా పిడికిలి మూసింది.

వైకుంఠం రొప్పుకుంట వచ్చి నిలబడ్డడు.

"బిడ్డా, అద్దాలు ఇంట్ల మరిచొచ్చిన" అన్నది అమ్మ. "ఏం కనపడ్తలేదు. గాడ పెద్దగ ఏమో రాసిండ్రు, ఏందిరా అది?"

వాడు బోర్డు దిక్కు చూసిండు. నా దిక్కు చూసిండు. "ఏం లేదమ్మా. పెద్ద దవఖాన అని రాసింది."

"మంచిగ రాసిండ్రు. చెయ్యి పట్టుకో, మెట్లు గూడ కనపడ్తలేవు."

వాడు రెండు చేతులతోని పట్టుకున్నడు. మెట్టు మెట్టుకు ఆపి, కాలుతోని తడుముకుంట ఎక్కింది అమ్మ. పైన తలుపు కాడ వాడు ఒకసారి వెనుకకు తిరిగి, ఇగ ఫికర్ లేదన్నట్టు నాకు తల ఊపిండు. నేను గూడ ఊపిన. అద్దాలు చున్నీల దాసుకొని ఆళ్ల వెనుక లోపటికి పోయిన.